వర్చువల్ ప్రాసెసర్ గారికి ఒక లేఖ

మహారాజశ్రీ వర్చువల్ ప్రాసెసర్ గారి దివ్య సముఖమునకు, ప్రొడక్షన్ డేటాబేస్ కాపలాదారు నమస్కరించి వ్రాయునది. ఇక్కడ నేను క్షేమంగా లేను. తమరు క్షేమంగానే ఉంటారు, నిన్న మధ్యాహ్నమంతా తమరు అలసిపోయే పనేదీ చేయలేదు కాబట్టి.

నిన్న నెలాఖరు. భోజనాల వేళకి అయిపోవాల్సిన బిల్లింగ్ బ్యాచ్ చీకటి పడ్డాక అయింది. ఈలోగా సమస్య మీద పెట్టిన బ్రిడ్జ్ కాల్‌లోకి జనం వస్తూనే ఉన్నారు. వచ్చిన ప్రతివాడి మొదటి మాటా ఒకటే: "డేటాబేస్ స్లోగా ఉందట కదా?"

ఒక పెద్ద సర్వర్‌లో మాకు కోసి ఇచ్చిన ముక్క పేరు ఎల్‌పార్. అందులో తమరు, అంటే అసలైన కోర్ల మీద వంతులవారీగా నడిచే ఉత్తుత్తి ప్రాసెసర్లు, ఎనిమిది మంది. ఆ పక్కనే ఎంటైటిల్‌మెంట్ (గ్యారంటీగా దక్కే కోర్ల వాటా) అని ఇంకో అంకె ఉంది, 0.8. అంటే ఎనిమిది మందికీ కలిపి ఒక్క అసలైన కోర్ కూడా లేదు. ఎనిమిది విస్తళ్ళు పరిచి ఒక మనిషి అన్నం కూడా వండకపోతే పెళ్ళివారు ఊరుకుంటారా? మేం ఊరుకున్నాం.

డేటాబేస్‌కి ఈ సంగతి తెలియదు. తమరు ఒక్కొక్కరూ ఎస్ఎంటీ (ఒక్క ప్రాసెసర్‌నే పలు ప్రాసెసర్లుగా చూపించే విద్య) పుణ్యమా అని ఎనిమిది తలలతో కనిపిస్తారు. అది చూసి సీపీయూ కౌంట్ 64 అని రాసుకుంది, పారలల్ ప్రాసెస్‌లకి తలుపులు బార్లా తెరిచింది. పేరు గొప్ప, ఊరు దిబ్బ.

అసలైన కోర్లను అందరికీ పంచే హైపర్‌వైజర్ గారు 10 మిల్లీసెకండ్లకోసారి వంతులు వేస్తారు. మా లెక్కన తమరిలో ఒక్కొక్కరికి గ్యారంటీగా దక్కేది 1 మిల్లీసెకండు. అది వాడేసుకుంటే మళ్ళీ పిలుపు రావడానికి 18 మిల్లీసెకండ్లు కూడా పట్టొచ్చు. అదెంతసేపు అంటారా? రెడో లాగ్ (డేటాబేస్ మార్పుల చిట్టా) రాసే ఎల్‌జీడబ్ల్యూఆర్ అనే ప్రాసెస్‌ని అడగండి. డిస్క్ మీద రాత 1 మిల్లీసెకండులోనే అయిపోయింది. అయిందని చెప్పాల్సిన ఆ ప్రాసెస్ తమరి భుజాల మీద ఉంది, తమరేమో వంతు కోసం బయట నిలబడ్డారు. కమిట్ కొట్టిన (మార్పు ఖాయం చేయమన్న) సెషన్లన్నీ 'లాగ్ ఫైల్ సింక్' (చిట్టా రాత అయ్యేదాకా ఆగడం) అంటూ బారులు తీరాయి. ఆ పేరులో ఫైల్ అని ఉండబట్టి కాల్‌లో అందరూ స్టోరేజ్ వాళ్ళ మీద పడ్డారు. పాపం ఆ కుర్రాడు గ్రాఫులు చూపిస్తూనే ఉన్నాడు, మా దగ్గర ఏమీ లేదండీ అని.

లాచ్‌ల (డేటాబేస్ మెమరీకి వేసే చిన్న తాళాల) సంగతి ఇంకా ఘోరం. లాచ్ పట్టుకున్న సెషన్‌ని మోస్తున్న తమరు సరిగ్గా అప్పుడే దిగిపోతారు. మిగతా ఏడుగురూ వంతు వచ్చినప్పుడల్లా ఆ లాచ్ కోసం స్పిన్ అవుతూ (ఉన్నచోటే ఊరికే తిరుగుతూ), ఉన్న కాస్త 0.8ని తగలేస్తారు.

2004లో ఐబీఎం పవర్5 చిప్‌తో తమరు వచ్చినప్పుడు, ఒక కోర్‌ని పది ముక్కలు చేయొచ్చని చప్పట్లు కొట్టారు. పవర్7+ నాటికి అది ఇరవై ముక్కలైంది. చప్పట్లు ఆగలేదు. లైసెన్సు దగ్గర మాత్రం ఈ ముక్కల లెక్క అంత సులువుగా చెల్లదు. మా డేటాబేస్ అమ్మిన ఒరాకిల్ వారి విధాన పత్రం ఈ ముక్కల్లో (మైక్రో పార్టిషన్లలో) క్యాప్, అంటే వాడకానికి పరిమితి, పెట్టినవాటినే ఒప్పుకుంటుంది. మాది అన్‌క్యాప్డ్. కాబట్టి పని దగ్గర తమరు మాయ, బిల్లు దగ్గర నికార్సైన కోర్లు.

ఆ అన్‌క్యాప్డ్ అన్న మాటే నన్ను ముంచింది. "పూల్‌లో (ఎల్‌పార్‌లన్నిటి ఉమ్మడి కోర్లలో) ఖాళీ ఉంటే ఎంతైనా వాడుకోండి" అని మైగ్రేషన్ రోజు స్లైడ్ వేసి మరీ చెప్పారు. నెలంతా నిజమే, అవసరమైనప్పుడల్లా మూడేసి కోర్లు లాగాం. కానీ పూల్‌లో మిగతావాళ్ళకీ నెలాఖరు నెలాఖరునే వస్తుంది కదా! నిన్న ఎల్‌పార్‌స్టాట్ కమాండ్ పెట్టుకుని కూర్చుంటే ఫిజ్‌సీ (నిజంగా వాడుతున్న కోర్లు) 0.95 దగ్గర కొట్టుకుంటోంది, పూల్‌లో ఖాళీ 0.00. ఎంటైటిల్‌మెంట్‌లో 118.8 శాతం వాడుతున్నామని కనిపించింది. "ఇచ్చినదానికంటే ఎక్కువే వస్తోంది కదండీ" అన్నారు ఇన్‌ఫ్రా మేనేజర్ గారు, సంతోషంగా.

మిగిలినదాన్ని పంచడానికి వెయిట్ అని ఒకటి ఉంది. 0 నుంచి 255 దాకా పెట్టుకోవచ్చు, ఎవరూ ముట్టుకోకపోతే 128. ఎవరూ ముట్టుకోలేదు. ప్రొడక్షన్‌కీ 128, టెస్ట్‌కీ 128. టెస్ట్ ఎల్‌పార్‌లో ఎవరో లోడ్ టెస్ట్ మొదలుపెట్టి టీకి వెళ్ళాడు. వాడి ఉత్తుత్తి బిల్లులకీ మా అసలు బిల్లులకీ నీ దృష్టిలో తేడా లేదు. అవును, నువ్వే. ఇంక తమరు లేదు, గారు లేదు. జీతాలు ఆగేలా ఉన్నాయని ఫైనాన్స్ వాళ్ళు ఫోన్ చేస్తుంటే నువ్వు వాడికి సమానంగా వడ్డించావు!

ఈ ఉదయం చేంజ్ రిక్వెస్ట్ పెట్టాను. ఎంటైటిల్‌మెంట్ 3, వర్చువల్ ప్రాసెసర్లు 4, టెస్ట్‌కి వెయిట్ 10, సీపీయూ కౌంట్ నేనే చేత్తో తగ్గిస్తా. అవును, మీలో నలుగురిని ఇంటికి పంపమన్నాను. గంటలో తిప్పి పంపారు: "నెల సగటు వాడకం 0.6 మాత్రమే. పెంచాల్సిన అవసరం కనిపించడం లేదు."

ఆ సగటులో రాత్రిళ్ళున్నాయి, ఆదివారాలున్నాయి, పండగ సెలవులున్నాయి. సగటు చూసి ఎవడైనా నెలాఖరు బ్యాచ్ నడుపుతాడా!

ఇట్లు,
టికెట్ ఇంకా తన పేరు మీదే ఉన్న డీబీఏ