ఇంజినీరింగ్ డ్రాయింగ్ గారికి ఒక వంకర గీత రాసుకున్న ఉత్తరం

మహారాజశ్రీ ఇంజినీరింగ్ డ్రాయింగ్ గారికి,

ఉభయకుశలోపరి అని మొదలుపెడదామనుకున్నాను. మీ కుశలం ఎంత, నా కుశలం ఎంత, ఏ యూనిట్లలో అని అడుగుతారని భయపడి ఆగాను. మిల్లీమీటర్లలోనే అనుకోండి.

చిన్నప్పటి నుంచి బొమ్మలు బాగానే వేసేవాణ్ని. అందుకని మీరు నాకు చుట్టాలే అనుకున్నాను. రెండు కొండలు, మధ్యలో సూర్యుడు, దూరం పోయేకొద్దీ సన్నబడే దారి గీసి మొదటి క్లాసులో గర్వంగా కూర్చున్నాను. మీ ఇంట్లో దారి సన్నబడదని అప్పుడే తెలిసింది. పది మీటర్ల అవతల ఉన్న అంచుకీ, ముక్కు ముందున్న అంచుకీ మీ దగ్గర ఒకటే లెక్క. కంటికి ఎలా కనిపిస్తోందో మీకు అక్కర్లేదు, వస్తువు ఎలా ఉందో అదే కావాలి. అందుకే దాన్ని ముందు నుంచి ఒకసారి, పై నుంచి ఒకసారి, పక్క నుంచి ఒకసారి చూసి మూడు ముక్కలుగా చెప్పిస్తారు. పెళ్లిచూపుల్లో కూడా ఇంత పట్టింపు ఉండదు.

గీతల్లోనూ మీకు తరతమ భేదాలున్నాయి. కనిపించే అంచుకి దిట్టమైన గీత, వెనక దాక్కున్న అంచుకి తెగిపోయిన గీత. ఇక వస్తువులో ఎక్కడా లేని, రంధ్రం నడుమ ఊహించుకునే అక్షానికి ఒక పొడుగు ఒక పొట్టి చొప్పున ప్రత్యేక గౌరవం. సెక్షన్ పేరుతో వస్తువుని నిలువునా కోసి, కోసిన చోటల్లా 45 డిగ్రీల్లో హాచింగ్, అంటే వరసగా ఏటవాలు సన్నగీతలు, పెట్టిస్తారు. అదే కత్తికి పొడవునా బోల్టు అడ్డం వస్తే మాత్రం కోయకుండా వదిలేస్తారు. లోపలంతా గట్టి లోహమే, కోసినా కొత్తగా కనిపించేదేమీ లేదట. నాకైతే ఎవరిదో సిఫారసులాగే అనిపించింది.

మీ పద్ధతికి పునాది వేసిన గాస్పార్ మోంజ్ గారి గురించి కూడా చదివాను. 18వ శతాబ్దంలో ఫ్రాన్స్‌లో కోటల నిర్మాణం కోసం ఆయన కనిపెట్టిన ఈ విద్యని సైనిక రహస్యంగా దాచి ఉంచారట, 1795లో గానీ బహిరంగంగా పాఠాలు చెప్పలేదట. నా పరీక్ష షీట్లు దిద్దినవాళ్లు ఆ రహస్యం ఇంకా బయటికి పొక్కలేదనే అనుకుని ఉంటారు.

ఇవన్నీ భరించాను. అసలు ఫిర్యాదు వేరే ఉంది.

ఉద్యోగంలో చేరిన కొత్తల్లో ఒక బ్రాకెట్ (దేన్నైనా ఆనించి పట్టే లోహపు ముక్క) గీసి మిషన్ షాపుకి పంపాను. ఫస్ట్ యాంగిల్‌లో గీశాను. అంటే ఎడమ నుంచి చూసిన బొమ్మ కుడి పక్కన, పై నుంచి చూసిన బొమ్మ కింద పెట్టాలి. (ఈ ఏర్పాటు ఎవరిదో గానీ, వాళ్లింట్లో చెప్పులు నెత్తిన పెట్టుకుంటారేమో.) మిషన్ షాపులో దాన్ని తయారుచేసే పెద్దాయనకి అమెరికా వాళ్లు వాడే థర్డ్ యాంగిల్ అలవాటు. అందులో కుడి నుంచి చూసింది కుడి పక్కనే ఉంటుంది, పై నుంచి చూసింది పైనే ఉంటుంది. ఏ పద్ధతో చెప్పడానికి టైటిల్ బ్లాక్‌లో, అంటే షీటు మూలన వివరాలు రాసే గడిలో, మొన తెగిన కోన్ గుర్తు ఒకటి వేయాలి. గోరంత గుర్తు. నేను వేయలేదు.

పన్నెండు బ్రాకెట్లు వచ్చాయి. కొలతలన్నీ సరిగ్గా ఉన్నాయి, ముక్కలు మాత్రం అద్దంలో బొమ్మలు. తిప్పి చూశాను, బోర్లించి చూశాను. కుడికాలి చెప్పుని ఎంత తిప్పినా ఎడమకాలికి పడుతుందా? పెద్దాయన దగ్గరికెళ్లి, "నా ఉద్దేశం ఇది కాదండీ" అన్నాను. ఆయన షీటుని టేబుల్ మీద పరిచి, కళ్లజోడు సరిచేసుకుని అడిగాడు:

"ఉద్దేశం ఏ వ్యూలో ఉంది బాబూ?"

ఏ వ్యూలోనూ లేదు. నేను పక్కన నిలబడి చేతులూపుతూ చెబితే తప్ప అర్థంకాని కాగితాన్ని పంపాను. నేను లేని చోట, నా గొంతు వినని మనిషి చేత, నేను అనుకున్న వస్తువే తయారు చేయించాలన్నది మీ ఉద్యోగం. ఆ ఉద్యోగానికి నేను సెలవు పెట్టించాను. ఆ సంగతి మీరైనా ముందే చెప్పొచ్చుగా? ఏడాదంతా అక్షరాల ఎత్తు, బాణం మొన పొడవు అంటూ నా ప్రాణం తీశారే!

ఆ తర్వాతే మీ టాలరెన్స్ మీద గౌరవం కలిగింది. 20 మిల్లీమీటర్ల రంధ్రం అని ఊరికే రాస్తే, కచ్చితంగా 20 తీయగలవాడు భూమ్మీద లేడు. మీరు 20 హెచ్7 అంటారు. 20.000 నుంచి 20.021 దాకా ఎంత వచ్చినా ఒప్పుకుంటారు. ఎంతవరకు తప్పు చేయొచ్చో ముందే రాసిచ్చే పెద్దమనిషిని నా జీవితంలో ఇంకొకరిని చూడలేదు. నాకు వచ్చిన మార్కుల విషయంలో ఆ ఉదారత చూపలేదనుకోండి, అది వేరే సంగతి.

ఉంటాను. ఈ ఉత్తరాన్ని స్కేలు పెట్టి కొలవకండి, రాసిన అంకెలే ప్రమాణం.

గీసినది: నేనే
ప్రొజెక్షన్: ఫస్ట్ యాంగిల్ (గుర్తు ఈసారి వేశాను)
సరిచూసినది: ఎవరూ ముందుకు రాలేదు