నడివయసులో పూట మానేయడం సరైన దారి కాదు

నలభై దాటినవారు రాత్రి భోజనం మానేస్తే మొండిగా మిగిలిన నాలుగైదు కిలోలు తగ్గిపోతాయని ఒక వ్యాసకర్త ఇచ్చిన సలహాతో నేను ఏకీభవించలేను. ముప్పై దాటినప్పటి నుంచి కండరాలు పదేళ్లకు సుమారు 3 నుంచి 8 శాతం చొప్పున తగ్గుతూ వస్తాయి కాబట్టి, తగినన్ని మాంసకృత్తులు తీసుకోకుండా, వ్యాయామం చేయకుండా పూట మానేస్తే కొవ్వుతోపాటు ఉన్న కండ కూడా కరిగిపోతుంది.

మన హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ పెద్దలకు కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాముల మాంసకృత్తులను సిఫారసు చేస్తోంది. పొద్దున ఇడ్లీ, మధ్యాహ్నం కంచం నిండా అన్నం, పలుచని చారుతో సరిపెట్టుకునే ఇళ్లలో, అందులోనూ అందరికీ వడ్డించి చివర మిగిలింది తినే ఆడవారికి, అంత అందడం కష్టమే. అన్నం ఒక గరిటె తగ్గించి పప్పు, గుడ్డు, పెరుగు పెంచడం, కేబీఆర్ పార్కులో నడకతోపాటు వారానికి రెండు రోజులైనా బరువులతో వ్యాయామం చేయడం ఎంతో మేలు.