వాట్సన్ పెట్టెలో కథలు ఎవరైనా రాయొచ్చు

షెర్లాక్ హోమ్స్ మీద ఎవరైనా కొత్త కథలు రాశారంటే చాలు, ఒకటే గోల మొదలవుతుంది, ఆ డిటెక్టివ్‌ని పుట్టించిన కోనన్ డాయిల్ రాసింది చాలు, మిగతాదంతా డూప్లికేట్ సరుకు అని. నేను ఈ మాటకి పూర్తిగా వ్యతిరేకం. కొత్త కథలు రావాలి, ఇంకా రావాలి, అదీ లావుపాటి నవలలుగా కాదు, చిన్న కథలుగానే రావాలి.

1887 నుంచి 1927 దాకా 4 నవలలు, 56 కథలు, మధ్యలో హోమ్స్‌ని జలపాతంలో పడేసి చంపడం, జనం ఊరుకోకపోతే మళ్ళీ బతికించడం, ఇదంతా మీకు తెలిసిందే. చాలామంది పట్టించుకోనిది ఒకటుంది, డాయిల్ ఆ తలుపు మూసి వెళ్ళలేదు. 1922లో వచ్చిన థోర్ బ్రిడ్జ్ కథ మొదట్లోనే, హోమ్స్ స్నేహితుడు, ఈ కథలు మనకి చెప్పే వాట్సన్ అంటాడు, చారింగ్ క్రాస్‌లో కాక్స్ అండ్ కో బ్యాంకులో తన పేరు రాసిన పాత రేకు పెట్టె ఒకటుందనీ, దాన్నిండా హోమ్స్ కేసుల కాగితాలేననీ. చెప్పి ఊరుకోడు, కొన్ని తీసి రుచి కూడా చూపిస్తాడు. జేమ్స్ ఫిలిమోర్ అని ఒకాయన గొడుగు మర్చిపోయానని మళ్ళీ ఇంట్లోకి వెళ్ళాడు, అంతే, ఆ తర్వాత ఈ లోకంలో ఎవరికీ కనపడలేదు. ఇంకొకాయనకి పిచ్చెక్కిపోయి ఉంటే ఎదురుగా ఒక అగ్గిపెట్టె, అందులో సైన్సుకి తెలియని పురుగు. ఒక పడవ పొద్దున్నే చిన్న మంచుతెరలోకి వెళ్ళి మరి బయటికి రాలేదు. ఒక్కోదానికి ఒకటి రెండు వాక్యాలే!

గొడుగు కోసం లోపలికి వెళ్ళినాయన ఏమయ్యాడు? ఇది చదివి పుస్తకం పక్కన పెట్టి హాయిగా పడుకోగలిగినవాళ్ళు ఉంటారంటే నేను నమ్మను. ఇలాంటి పేర్లు, గుర్తులు ఈ కథల్లో ఎన్ని చోట్ల చల్లి ఉన్నాయో, అవి వదిలేసిన కేసులు కావు, పాఠకుడి చేతికి అందించిన విత్తనాలు. డాయిల్ స్వభావం కూడా అంతే, అమెరికా నటుడు విలియం జిల్లెట్ నాటకం వేస్తూ హోమ్స్‌కి పెళ్ళి చెయ్యొచ్చా అని అడిగితే, పెళ్ళి చెయ్యి, చంపెయ్యి, నీ ఇష్టం అన్నాడు.

మరి చిన్న కథలే ఎందుకంటే, డాయిల్ నవలలే చూడండి. నాలుగిట్లో రెండిట్లో సుమారు సగం పుస్తకం అమెరికాలో పాత పగల కథ, హోమ్స్ కనపడడు. బాస్కర్‌విల్ వేటకుక్క కథలో కూడా మధ్యలో బోలెడన్ని అధ్యాయాలు ఆయన లేకుండానే నడుస్తాయి. హోమ్స్ బలమంతా బేకర్ స్ట్రీట్‌లో ఆ ఒక్క గదిలో ఉంది, మెట్ల మీద అడుగుల చప్పుడు, లోపలికొచ్చిన మనిషి చొక్కా చేతి అంచు చూసి నాలుగు మాటలు చెప్పడం, రైలు టైము చూసుకుని బయల్దేరడం, కథ ఒక్క బిగిన చదివితే అయిపోవాలి. అందుకే 1954లో డాయిల్ కొడుకు ఏడ్రియన్, డిటెక్టివ్ కథల రచయిత జాన్ డిక్సన్ కార్ కలిసి వాట్సన్ వదిలేసిన ఆ కేసుల్నే తీసుకుని 12 చిన్న కథలు చేశారు. 2015 నుంచి డేవిడ్ మార్కమ్ సంపాదకత్వంలో వస్తున్న సంపుటాలైతే నలభై దాటిపోయాయి, కథ హోమ్స్ కాలంలోనే జరగాలి, హోమ్స్ మనం ఎరిగిన హోమ్స్‌లాగే ఉండాలి అన్నది రూలు, రాయల్టీ డబ్బులు డాయిల్ ఒకప్పుడు కట్టించుకున్న అండర్‌షా ఇంట్లో నడిచే ప్రత్యేక అవసరాల పిల్లల స్కూలుకి వెళ్తాయి. ఇందులో తప్పేముందో నాకైతే అర్థం కాదు.

ఎదుటివాళ్ళ మాటా వింటాను. కొత్త కథల్లో డాయిల్ గొంతు పలకదు అంటారు, కొన్నిట్లో నిజమే, నాసిరకం చాలానే ఉంది. కానీ డాయిల్‌వి మాత్రం అన్నీ మేలిమివా? మచ్చల పట్టీ కథలో పాముకి పాలు పెట్టి, ఈల వేసి వెనక్కి పిలిచి, గంట తాడు మీదుగా ఎక్కించి దింపాడు, భారతదేశంలోకెల్లా ప్రమాదకరమైన పాము అని ఆయన పెట్టిన పేరు గల పాము మన దగ్గర అసలు లేనే లేదు. అయినా 1927లో తన కథల్లో ఫస్ట్ ప్లేస్ దానికే ఇచ్చుకున్నాడు, మనమూ ఇప్పటికీ గుండె చిక్కబట్టుకునే చదువుతాం.

అసలు అడ్డుపడింది పాఠకులు కాదు, హక్కులు పట్టుకుని కూర్చున్నవాళ్ళు. 1944లో ఎల్లరీ క్వీన్ పేరుతో వచ్చిన హోమ్స్ అనుకరణ కథల సంకలనాన్ని డాయిల్ కుటుంబం ఆపించేసింది, పదేళ్ళకి కొడుకే అదే పని చేశాడు, అంటే కొడుకు రాస్తే వారసత్వం, బయటివాడు రాస్తే దొంగతనమా? తర్వాత అమెరికాలో లెస్లీ క్లింగర్ కొత్త కథల సంకలనం వేస్తుంటే డాయిల్ హక్కులు చూసే ఎస్టేట్ లైసెన్స్ ఫీజు అడిగింది, చివరి పది కథలకి ఇంకా కాపీరైట్ ఉంది కాబట్టి హోమ్స్ అనే పాత్ర మొత్తం మాదే అని వాదించింది. 2014లో అప్పీల్ కోర్టు జడ్జి రిచర్డ్ పోస్నర్ ఆ వాదన కొట్టిపారేశారు. 2020లో అదే ఎస్టేట్ ఒక సినిమా మీద కేసు వేసింది, హోమ్స్ మనసు మెత్తబడింది ఆ చివరి కథల్లోనే కాబట్టి ఆ మెత్తదనం మాది అని! చివరికి 2023 జనవరి 1తో అమెరికాలో కూడా అన్ని కథలూ జనం సొత్తు అయ్యాయి.

చిన్నప్పుడు మా వీధి చివర అద్దె పుస్తకాల షాపులో తెచ్చుకున్న డిటెక్టివ్ నవలలకి చివరి పేజీలు ఉండేవి కావు, ఎవరో చింపేసేవాళ్ళు. మా పెదనాన్న కొడుకు శీనన్నయ్య, నేనూ డాబా మీద పడుకుని హంతకుడెవరో మేమే తేల్చేవాళ్ళం, పొద్దున్నే వాడు నోటుబుక్కులోంచి కాగితం చింపి ఆ ముగింపు రాసి, గంజితో అంటించి, పుస్తకం షాపులో తిరిగి ఇచ్చేసేవాడు. తర్వాత అద్దెకి తీసుకున్నవాళ్ళు అదీ కథలో భాగమే అనుకుని చదివి ఉంటారు. దాన్ని డూప్లికేట్ అనడానికి నాకిప్పటికీ నోరు రాదు.

అయినా మనకి ఇది కొత్తా? నన్నయ అరణ్యపర్వం మధ్యలో శరత్కాలపు రాత్రుల దగ్గర ఆపేశాడు. తిక్కన దాన్ని ముట్టుకోకుండా విరాటపర్వం నుంచి ఎత్తుకున్నాడు. ఎర్రన వచ్చి సరిగ్గా శరత్కాలపు ఉదయాలతో మొదలుపెట్టాడు, రాత్రి ఒకరు రాస్తే తెల్లారడం ఇంకొకరు రాశారు! పైగా తన కాలపు రాజుకి కాకుండా, దాదాపు మూడు వందల ఏళ్ళ కిందటి రాజరాజనరేంద్రుడికే అంకితం ఇచ్చాడు, నన్నయే రాసినట్టు ఉండాలని. ఇంతకన్నా గొప్ప కొనసాగింపు ఏ భాషలో ఉందో చెప్పండి. అలాంటి భాషవాళ్ళం ఇవాళ పాత పాత్రని ఎవరైనా ముట్టుకుంటే అపచారం అంటున్నాం. ముళ్ళపూడి వెంకటరమణ గిరీశాన్ని పట్టుకొచ్చి సినిమాల మీద లెక్చర్లు చెప్పిస్తే జనం మురిసిపోయి చదివారు కదా. గురజాడ పోయింది 1915లో, మన దేశంలో కాపీరైట్ రచయిత పోయాక 60 ఏళ్ళే, ఇప్పుడు గిరీశం ఎవరి సొత్తూ కాదు. డామిట్ కథ అడ్డం తిరిగింది అని సౌజన్యారావు పంతులు ఇంట్లోంచి బయటపడ్డ ఆ రాత్రి వాడు ఎటు వెళ్ళాడు, జేబులో ఎంత ఉంది, పొద్దున్నే ఎవరి తలుపు కొట్టాడు, కుర్ర రచయితలెవరైనా రాయండి, పది పేజీలు చాలు, అన్నిటికన్నా ముందు నేను చదువుతాను.