కుడిపక్క వంత ఏమయ్యాడు?

బుర్రకథ దళంలో ముగ్గురుంటారు. నడుమ తంబురా భుజాన వేసుకుని, చేతి అందెలు మోగిస్తూ, అడుగులేస్తూ కథ నడిపేవాడు కథకుడు. ఆయనకు రెండు పక్కలా గుమ్మెట్లనే డోళ్లు వాయిస్తూ వంతలు నిలబడతారు. ఎడమపక్క వంతది హాస్యం, కుడిపక్క వంతది రాజకీయం. కథ బొబ్బిలి కోట దగ్గరో పల్నాటి రణరంగంలోనో మంచి రసపట్టులో ఉండగా కుడిపక్కవాడు అడ్డం తగులుతాడు. "ఆగవయ్యా, మన ఊరి రేషన్ షాపులో జరుగుతున్నదీ ఇదేగా?" అంటాడు. అంతే, కథ ఆగిపోతుంది. కథకుడు ఏదో ఒక జవాబు చెప్పందే అడుగు ముందుకు పడదు. ఈలోగా ఎడమపక్కవాడు ఓ చురక వేస్తాడు, జనం నవ్వుతారు. రేషన్ డీలరు కూడా ఆ జనంలోనే కూర్చుని ఉంటాడు కాబట్టి ఆ నవ్వుకు విలువ ఉంటుంది.

జంగం కథల నుంచి వచ్చిన ఈ కళను నేటి రాజకీయ వేదిక ఎక్కించిన ఘనత చాలావరకు కృష్ణా, గుంటూరు జిల్లాలదే. కమ్యూనిస్టుల సాంస్కృతిక సంస్థ ప్రజానాట్యమండలి 1943లో బెజవాడ కేంద్రంగా మొదలైంది. గుంటూరుకు దగ్గరలోని పొన్నెకల్లులో పుట్టిన షేక్ నాజర్ బుర్రకథను ఊరూరా తిప్పారు. బెంగాల్ కరువునూ కథగా కట్టి చెప్పారు. ఆ రోజుల్లో మద్రాసు ప్రభుత్వం ప్రజానాట్యమండలి ప్రదర్శనల మీద నిషేధం పెట్టింది. 1986లో నాజర్‌కు పద్మశ్రీ వచ్చింది. అడిగేవాడి నోరు నొక్కడానికి ప్రభుత్వానికి ఒక్క ఉత్తర్వు చాలు, శాలువా కప్పడానికి మాత్రం దశాబ్దాలు పడుతుంది.

ఇప్పుడు ఆ కుడిపక్క వంత ఏం చేస్తున్నాడు? ప్రచారం కోసం ఊళ్లు తిరిగే కళాజాతల్లో పథకాల పేర్లు చదువుతున్నాడు. మరుగుదొడ్డి కట్టుకోండి, దోమతెర వాడండి, ఓటు వేయండి అంటున్నాడు. వీటిలో చెడ్డమాట ఒక్కటీ లేదు. కానీ కట్టుకున్న మరుగుదొడ్డికి బిల్లు ఎందుకు పడలేదని అడిగే వీలు ఆ స్క్రిప్టులో ఉండదు. ఎన్నికలొస్తే అదే గొంతు ప్రచార రథం మీదికి ఎక్కుతుంది. ఒక ఎన్నికలో ఒక జెండా కింద పాడినవాళ్లు మరో ఎన్నికలో ఇంకో జెండా కింద పాడటం మనకు కొత్త కాదు. ఇందులో కళాకారుణ్ని తప్పుపట్టడం నాకిష్టం లేదు. డప్పు కొట్టి ఇల్లు గడవాలంటే డబ్బులిచ్చేది ప్రభుత్వ శాఖ, పార్టీ, లేదంటే ఎన్జీవో. ముగ్గురికీ ప్రచారమే కావాలి. ప్రశ్న కావాలని ఎవరు డబ్బిస్తారు?

కళకు సమాజాన్ని మార్చే శక్తి ఉందని సభల్లో చెప్పుకుంటూ ఉంటాం. పాట ఒక్కటే ఏదీ మార్చదు. పాట పక్కన ఒక కాగితం, ఆ కాగితానికి జవాబు చెప్పాల్సిన మనిషి ఉన్నచోటే అది పనిచేసింది. రాజస్థాన్‌లో కూలీలు, రైతుల సంస్థ మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ 1994లో బహిరంగ విచారణలు మొదలుపెట్టింది. పాటలు, తోలుబొమ్మలు, వ్యంగ్యంతో జనాన్ని కూడగట్టి, పంచాయతీ పనుల మస్టర్లను, అంటే కూలీల హాజరు పట్టీలను, అందరి ముందూ పైకి చదివించేవారు. ఫలానా మనిషి ఫలానా చెరువు పనికి ఇన్ని రోజులు వచ్చాడని చదవగానే, ఆ మనిషే లేచి నేను పనికే పోలేదనేవాడు. ఆ లెక్కల కాగితాలు జనానికి ఇవ్వాలని 1996లో బ్యావర్‌లో 40 రోజులు ధర్నా చేశారు. 2005 నాటి సమాచార హక్కు చట్టం దాకా నడిచిన దారి అక్కడే మొదలైంది.

మన రాష్ట్రమూ ఈ పని చేసింది. ఉపాధి హామీ పథకంలో 2006 నుంచి సామాజిక తనిఖీ జరిగింది. ఆ ఊరి కుర్రాళ్లే ఇంటింటికీ తిరిగి జాబ్ కార్డు, మస్టరు, చెల్లింపు సరిచూసేవారు. చివర్లో మండల స్థాయిలో ప్రజావేదిక పెట్టి, అధికారుల ఎదుటే వివరాలు చదివేవారు. రికవరీలు అన్నీ వసూలయ్యాయా అంటే అది వేరే కథ. కానీ కూలికి వెళ్లే మనిషి మైకు పట్టుకుని, ఊళ్లో పనులు చూసే ఫీల్డ్ అసిస్టెంటును పేరుపెట్టి అడగడం చిన్న సంగతేం కాదు. బ్రెజిల్ నాటకకర్త అగస్టో బోయాల్ ఇంకో అడుగు ముందుకేశాడు. 1993 నుంచి 1996 దాకా రియో నగర కౌన్సిలర్‌గా ఉంటూ, వాడల్లో నాటకం మధ్యలో ఆపి ప్రేక్షకుణ్నే వేదిక ఎక్కించి, అక్కడ వచ్చిన సూచనలను కౌన్సిల్‌కు పట్టుకెళ్లాడు. వాటిలో 13 చట్టాలయ్యాయి. మన రాజకీయ వంత చేసే పనికి ఇది చుట్టమే.

పల్లెల్లో జరిగిన ఈ పని నగరాల్లోకి ఎందుకు రాలేదన్నదే నా బాధ. పల్లెకు గ్రామసభ అని ఒకటుంది, పేరుకైనా. 3 లక్షల జనాభా దాటిన నగరాల్లో వార్డు కమిటీలు ఉండాలని రాజ్యాంగంలోని 243-ఎస్ అధికరణ చెబుతుంది. విజయవాడ, గుంటూరు ఆ లెక్క ఎప్పుడో దాటేశాయి. మీ వార్డు కమిటీలో ఎవరున్నారని పటమటలోనో బ్రాడీపేటలోనో అడిగి చూడండి. గుంటూరులోనైతే 2010లో పాలకవర్గం గడువు ముగిశాక 2021 దాకా కార్పొరేషన్ ఎన్నికలే జరగలేదు. 2018 మార్చిలో ఆనందపేట ప్రాంతంలో తాగునీరు కలుషితమై డయేరియాతో మనుషులు చనిపోయింది ఆ మధ్యకాలంలోనే. కుళాయిలో మురుగు వస్తోందని చెప్పుకుందామంటే వార్డుకు ఓ కార్పొరేటర్ కూడా లేడు.

2024 సెప్టెంబరులో విజయవాడలో బుడమేరు వాగు పొంగి సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరీపేట రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. నీట మునిగిన ఇళ్లకు కింది అంతస్తు అయితే 25 వేలు, పై అంతస్తులకు 10 వేలు అని ప్రభుత్వం ప్రకటించింది. ఎన్యూమరేషన్, అంటే నష్టం లెక్కింపు, అయ్యాక సచివాలయాల దగ్గర, కలెక్టరేట్ దగ్గర క్యూలు కట్టారు: పేరు లేదని, ఉన్నా అంతస్తు తప్పు రాశారని, అద్దెకున్నవాళ్లకు రావాల్సింది ఓనరు ఖాతాలో పడిందని. ఎవరి టెన్షన్ వాళ్లది, ఎవరి అర్జీ వాళ్లది. ఆ జాబితానే వీధి మొగలో మైకులో చదివి ఉంటే? ఒకరు పేర్లు చదువుతుంటే కుడిపక్కవాడు 'ఈ ఇంట్లో అద్దెకున్న ఆవిడ పేరేదయ్యా' అని ఆపి ఉంటే? వేరువేరుగా ఇచ్చిన వెయ్యి అర్జీలకు దొరకని జవాబు ఒక్క సాయంత్రం దొరికేదని నేననను. తప్పు ఎవరి దగ్గర జరిగిందో మాత్రం వీధికంతా తెలిసేది.

అయితే వీధి మొగలో మైకు పెట్టడం అనుకున్నంత తేలిక కాదు. 'సెక్షన్ 30 అమల్లో ఉంది' అన్న పోలీసు ప్రకటన బెజవాడవాళ్లకు వాతావరణ సూచనంత మామూలు. సభలను, ఊరేగింపులను పోలీసుల అనుమతికి లోబరిచే ఆ సెక్షన్ 1861 నాటి పోలీసు చట్టంలోది. కందుకూరు, గుంటూరు తొక్కిసలాటల తర్వాత 2023 జనవరి 2న రోడ్ల మీద సభలను కట్టడి చేస్తూ జీవో 1 వచ్చింది. మే 12న హైకోర్టు దాన్ని కొట్టేసింది. తొక్కిసలాటల్లో పోయిన ప్రాణాల్ని తేలిగ్గా తీసుకోకూడదు, జాగ్రత్త కావాల్సిందే. కానీ వేలమందిని లారీల్లో తోలుకొచ్చే సభకూ, అరవైమంది కూర్చునే వీధి నాటకానికీ ఒకే దరఖాస్తు, ఒకే చూపు అయితే చిన్నవాడు ముందే తప్పుకుంటాడు. మిగిలింది అలంకార్ సెంటర్ దగ్గరి ధర్నాచౌక్. అక్కడ మనం అరిచేది మనకే వినపడుతుంది, సింగ్‌నగర్ వీధికి వినపడదు.

ఇవన్నీ ఎందుకు, రీల్స్ ఉన్నాయిగా అంటారు. ఉన్నాయి, కొన్ని భలే ఉంటాయి కూడా. నాజర్ జీవితకాలంలో చూడనంతమంది జనం ఇవాళ ఒక కుర్రాడి వ్యంగ్యాన్ని ఒక్క రాత్రిలో చూడొచ్చు. కానీ ఆ చూసినవాళ్లలో ఆ వార్డు శానిటరీ ఇన్‌స్పెక్టర్ ఉన్నాడో లేడో తెలియదు. ఉన్నా వేలితో పైకి తోసేస్తాడు. వీధిలో అయితే జనం మధ్య లోంచి లేచి వెళ్లిపోవడం అంత సులువు కాదు.

డబ్బు సంగతి తేలకపోతే ఇదంతా ఉపన్యాసమే. సింగ్‌నగర్ లాంటి చోట ముగ్గురు కళాకారులకు, ఒక మైకుకు, ఒక సాయంత్రానికి అయ్యే ఖర్చు వీధివాళ్లు చందా వేసుకుంటే మోయలేనిదేం కాదు. వినాయక చవితి పందిరికి అంతకన్నా ఎక్కువే వసూలు చేస్తున్నాం. ఆ పందిట్లోనే, ఆ తొమ్మిది రోజుల్లో ఒక సాయంత్రం ఇందుకు అడగొచ్చు. మైకు పర్మిషన్ కూడా అప్పటికే తీసుకుని ఉంటారు.