పాత ఆపరేషన్ మచ్చ కనపడగానే ఆగిపోతే ఎలా?

మా పెద్దమ్మకి రెండు రోజులు కడుపులో మెలిపెట్టే నొప్పి, వాంతులు. ఇంట్లో అందరూ అన్నది ఒకటే మాట, గ్యాస్. సోడా తాగించారు, మాత్ర వేశారు. మూడో రోజుకి వాంతి పచ్చగా అవుతూ, పొట్ట ఉబ్బిపోయి, మోషన్ సంగతి అటుంచి గ్యాస్ కూడా కిందికి పోకపోతే అప్పుడు ఆసుపత్రికి తీసుకెళ్లాం. ఎక్స్‌రే చూసి పేగుకు అడ్డం పడిందన్నారు. ఎప్పుడో గర్భసంచి తీయించుకున్న మచ్చ ఉంది కాబట్టి లోపల పేగులు అతుక్కుని ఉంటాయి, రెండు మూడు రోజులు చూద్దామని ముక్కులో గొట్టం వేసి సెలైన్ పెట్టారు.

ఆవిడ మాత్రం కుడి తొడ లోపలి వైపు నుంచి మోకాలి దాకా లాగేస్తోందని మొత్తుకుంటూనే ఉంది. డెబ్బై దాటిన మనిషి మోకాలి నొప్పి అంటే ఎవరు పట్టించుకుంటారు? మేమూ పట్టించుకోలేదు. డ్యూటీ మారి వచ్చిన డాక్టరమ్మ ఒకావిడ ఆ కాలు చాపించి, పక్కకి జరిపించి, ఇలా అంటే నొప్పి పెరుగుతోందా అని అడిగి వెంటనే సీటీ స్కాన్ రాసింది. కటి ఎముకలో నరం వెళ్లే సన్నటి సందులోకి పేగు దూరి ఇరుక్కుంది. దీన్ని అబ్ట్యురేటర్ హెర్నియా అంటారు. బాగా బక్కచిక్కిన ముసలావిడల్లో ఎక్కువ, బయటికి గడ్డ కనపడదు, నరం నొక్కుకుపోవడం వల్ల నొప్పి మోకాలి దాకా దిగుతుంది.

పెద్దవాళ్లలో పేగుకు అడ్డం పడడానికి పాత ఆపరేషన్ అతుకులు, హెర్నియా, క్యాన్సర్ ముఖ్య కారణాలన్నది నిజమే. మొదటి అనుమానం అటు వెళ్లడం తప్పు కాదు. అతుకులైతే చాలామందికి కోత లేకుండానే తగ్గుతుంది కూడా. కానీ దేశంలో గర్భసంచి ఆపరేషన్లు ఎక్కువగా జరిగే రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ముందుంటాయి, అంటే మన ఆడవాళ్లలో ఎంతోమంది పొట్టల మీద ఆ మచ్చ ఉంటుంది, దాన్ని చూడగానే ఇక వెతకడం మానేస్తే అసలు కారణం లోపలే ఉండిపోతుంది. పైగా చీర మీద నుంచే పొట్ట నొక్కి చూసి గజ్జలు చూడకుండా వదిలేయడం మన దగ్గర మామూలు. ఆడవాళ్లలో తొడ మొదట్లో వచ్చే చిన్న హెర్నియా అక్కడే తప్పిపోతుంది.

మచ్చా లేదు, హెర్నియా లేదు అంటే ఇంకా జాగ్రత్తగా వెతకాలి. పేగులో పేగు చొచ్చుకుపోవడం పిల్లల జబ్బు అనుకుంటాం, మొత్తం కేసుల్లో పెద్దవాళ్లవి 5 శాతం దాకా ఉంటాయి. వాళ్లలో అడ్డం పడేలా చొచ్చుకుపోయిందంటే చాలావరకు ముందు ఒక కొవ్వుగడ్డో, పాలిపో (పేగు లోపలి గోడ మీద పెరిగే పిలక), క్యాన్సరో ఉంటుంది. సీటీలో వలయంలో వలయంలా కనపడుతుంది. ఇంకొకటి, పిత్తాశయంలోని పెద్ద రాయి గోడని తొలుచుకుని పేగులో పడి, చిన్నపేగు చివర ఇరుక్కోవడం. దీనికి పిత్తనాళాల్లో గాలి కనపడడం పెద్ద ఆధారం. రిగ్లర్ అనే రేడియాలజిస్టు 1941లోనే ఈ గుర్తుల గురించి రాశాడు.

మన దేశంలో మర్చిపోకూడనిది పేగు టీబీ. దగ్గు ఉండకపోవచ్చు, ఛాతీ ఎక్స్‌రే బాగానే ఉండొచ్చు. నెలల తరబడి సన్నబడుతూ, సాయంత్రం జ్వరం వస్తూ, తిన్నాక కడుపు గుడగుడలాడుతూ నొప్పి వస్తుంటే చిన్నపేగు, పెద్దపేగు కలిసేచోట పేగు మూసుకుపోతూ ఉండొచ్చు. ఇది క్రోన్స్ జబ్బులాగే (పేగులు ఏళ్ల తరబడి వాచి ఉండే జబ్బు, దానికి స్టెరాయిడ్లు ఇస్తారు) కనపడుతుంది, తేల్చుకోకుండా స్టెరాయిడ్లు మొదలుపెడితే టీబీ రెచ్చిపోతుంది. ముక్క తీసి పరీక్షకి పంపాల్సిందే.

స్కాన్ రాసే కాగితం మీద ఉత్త 'కడుపునొప్పి' అని రాసి పంపడం నాకు బొత్తిగా నచ్చదు. మోకాలి నొప్పి, బరువు తగ్గడం, పాత రాళ్లు, అన్నీ రాస్తే చూసే రేడియాలజిస్టు ఎక్కడ చూడాలో అక్కడ చూస్తాడు, స్కాన్ తొడల మొదలు దాకా తీస్తారు. మనవైపు నుంచి కూడా, గ్యాస్ ఎప్పటి నుంచి పోవడం లేదు, వాంతి రంగు ఏంటి అన్నది అడగకముందే చెప్పాలి.

పెద్దమ్మకి ఆ రాత్రే ఆపరేషన్ చేశారు. జానెడు పేగు నల్లబడిపోయి ఉంటే కోసి తీసేశారు. ఆవిడ మోకాలి గురించి చెప్పడం మొదలుపెట్టింది అడ్మిట్ చేసిన మొదటి రోజు పొద్దున.