పిల్లలకు మళ్లీ వచ్చే ఆటగాడు కావాలి

పేరున్న క్రీడాకారులు పిల్లల స్వచ్ఛంద సంస్థలకు వెళ్లి ఒక పూట గడపడం ఇప్పుడు మామూలైపోయింది. టీ షర్టుల మీద సంతకాలు, గ్రూప్ ఫొటో, నాలుగు మంచి మాటలు. ఇది మంచి పనే, ఇందులో తప్పు పట్టాల్సిందేమీ లేదు. పిల్లలకు ఆ రోజు పండగ, సంస్థకు పదిమందిలో పేరు, కాసిన్ని విరాళాలు. కానీ ఆ కారు గేటు దాటాక పిల్లలకు ఏం మిగిలిందని అడిగేవాళ్లు తక్కువ. సాయం చేయాలనుకునే ఆటగాళ్లు ముందుగా దాని గురించే ఆలోచించాలని నేను గట్టిగా నమ్ముతాను.

నార్వే స్పీడ్ స్కేటర్ యోహాన్ ఓలావ్ కాస్ సంగతే చూడండి. సొంత దేశంలో లిల్లెహామర్ వింటర్ ఒలింపిక్స్ దగ్గరపడుతుండగా, 1993లో ఒలింపిక్ ఎయిడ్ అనే సహాయ సంస్థ తరఫున ఆయన ఆఫ్రికాలోని ఎరిత్రియా వెళ్లారు. దశాబ్దాల యుద్ధం నుంచి అప్పుడే బయటపడిన దేశం అది. అక్కడ పిల్లలు బంతి లేక ఒక చొక్కాను ఉండచుట్టి, దాని చేతులతోనే ముడేసి, దాన్నే తన్నుకుంటూ ఆడుతున్నారు. చొక్కాకు పొడుగు చేతులుంటేనే ముడి పడుతుంది కాబట్టి, అలాంటి చొక్కా ఉన్న కుర్రాడి చుట్టూనే పిల్లలంతా చేరారు. మళ్లీ వస్తానని కాస్ వాళ్లకు మాటిచ్చారు. 1994లో మూడు స్వర్ణాలు గెలిచారు, మూడింటిలోనూ ప్రపంచ రికార్డే. 1500 మీటర్ల గెలుపుకు వచ్చిన బోనస్‌ను ఒలింపిక్ ఎయిడ్‌కు ఇచ్చేసి, మీరూ ఇవ్వండని నార్వే ప్రజలను అడిగారు. ఆటలు ముగిశాక క్రీడా సామగ్రి నింపిన విమానంతో ఎరిత్రియాకు తిరిగి వెళ్లారు. తిండి లేనివాళ్లకు బంతులు పట్టుకెళ్లడమేమిటని విమర్శలు వచ్చినా వెనక్కి తగ్గలేదు. ఆ ఒలింపిక్ ఎయిడే తర్వాత రైట్ టు ప్లే అనే సంస్థ అయింది. కాస్ దాన్ని ఏళ్ల తరబడి ముందుండి నడిపించారు.

ఆ విమర్శకు జవాబు అంతకుముందే ఉంది. 1989 నాటి ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడిక 31వ అధికరణంలో ఆటను పిల్లల హక్కుగా రాసుకున్నారు. అన్నీ అమరాక తీరిగ్గా చూసుకుందాం అనుకునే విషయం కాదది.

డబ్బు సాయాన్ని నేను చిన్నచూపు చూడను. 2006 టురిన్ వింటర్ ఒలింపిక్స్‌లో అమెరికా స్కేటర్ జోయీ చీక్ స్వర్ణానికి వచ్చిన 25 వేల డాలర్లు, రజతానికి వచ్చిన 15 వేల డాలర్లు రైట్ టు ప్లేకే ఇచ్చేశారు. స్పెయిన్ ఫుట్‌బాలర్ హువాన్ మాటా 2017లో కామన్ గోల్ అనే విరాళాల కార్యక్రమం మొదలుపెట్టి, జీతంలో కనీసం ఒక శాతం ఇస్తానని ముందుకొచ్చారు, తోటి ఆటగాళ్లనూ పిలిచారు. ఏటా వచ్చే ఆ ఒక్క శాతం మీద నమ్మకంతో సంస్థ ఒక కోచ్‌ను జీతానికి పెట్టుకోగలదు. ఒకేసారి వచ్చే పెద్ద చెక్కు మీద అలాంటి భరోసా పెట్టుకోలేదు. సమయం విషయంలోనూ అంతే. ఏడాదికొక పెద్ద కార్యక్రమం కన్నా, సీజన్ లేని నెలల్లో వారానికొక గంట ఎక్కువ పనికొస్తుంది. అయితే ఆ గంటను ఎలా వాడాలన్నది ఆటగాడు కొత్తగా నేర్చుకోవాల్సిందే.

ఎందుకంటే గొప్పగా ఆడటం వేరు, పిల్లలతో ఆడించడం వేరు. పెద్దల బాస్కెట్‌బాల్‌లో రింగు ఎత్తు 3.05 మీటర్లు. పిల్లల మినీ బాస్కెట్‌బాల్‌లో 2.60 మీటర్లే, బంతీ చిన్నదే. టెన్నిస్‌లో 2012 నుంచి పదేళ్లలోపు పిల్లల పోటీల్లో మామూలు పసుపు బంతి వాడకూడదు. నెమ్మదిగా వచ్చే ఎరుపు, నారింజ, ఆకుపచ్చ బంతులతోనే ఆడించాలి. పిల్లల శరీరానికి తగ్గట్టు ఆటే మారిందన్నమాట. జీవితమంతా అత్యున్నత స్థాయిలో ఆడినవాళ్లకు ఈ తేడా వెంటనే పట్టుబడదు. తన స్థాయి షాట్ చూపించి చప్పట్లు కొట్టించుకోవడం తేలిక. ఆ షాట్ ఎనిమిదేళ్ల పిల్ల చేతికి ఎలా వస్తుందో చెప్పడమే కష్టం.

ఇంకొకటుంది. జట్లు పంచుకునేటప్పుడు ఇద్దరు కెప్టెన్లూ ఒక్కొక్కరినీ పిలుచుకుంటూ పోతే చివరికి ఒక పిల్లో పిల్లాడో మిగులుతారు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక షార్ట్ అంచు నలుపుతూ, ఎవరివైపూ చూడకుండా నిలబడతారు. పేరున్న ఆటగాడు వచ్చిన రోజున అందరి కళ్లూ బాగా ఆడే పిల్లల మీదే ఉంటాయి. ఆటగాడూ వాళ్లనే మెచ్చుకుంటాడు, టాలెంట్‌ను గుర్తుపట్టడం అలవాటైన కన్ను కదా. దాంతో ఆ చివరి పిల్ల ఇంకాస్త వెనక్కి జరుగుతుంది. అదే ఆటగాడు ఆ పిల్లను పేరుపెట్టి పిలిచి, పాస్ ఇచ్చి, వచ్చే వారం మళ్లీ అదే పేరుతో పిలిస్తే ఆ పిల్ల ఆట మానకుండా ఉండే అవకాశం ఎక్కువ. అందుకే పిల్లల పేర్లు నేర్చుకునేంత కాలమైనా రావాలంటున్నాను.

పేరుతో పాటు వచ్చే ప్రమాదాన్ని కూడా దాచకుండా చెప్పుకోవాలి. అమ్మాయిలపై లైంగిక దాడులు చేసిన అమెరికా జిమ్నాస్టిక్స్ జట్టు డాక్టర్ లారీ నాసర్‌కు 2018లో శిక్షలు పడేదాకా ఎంతమంది అమ్మాయిల మాట పెద్దల చెవికెక్కలేదో ప్రపంచమంతా చూసింది. హోదా ఉన్న మనిషిని ప్రశ్నించడానికి చుట్టూ ఉన్నవాళ్లు జంకుతారు. కాబట్టి పతకాలు ఎన్ని ఉన్నా, మిగతా వాలంటీర్లకు చేసే పాత నేర చరిత్ర తనిఖీ ఆటగాడికీ చేయాల్సిందే. పిల్లలతో ఒంటరిగా ఉండకూడదు, సొంత ఫోన్ నుంచి వాళ్లకు మెసేజ్‌లు పెట్టకూడదు. మంచి ఆటగాడు దీన్ని అవమానంగా తీసుకోడు. నిజానికి తనిఖీ చేయండని తనే ముందు అడిగితే, రేపు ఇంకొకరిని అడగడానికి సంస్థకు ధైర్యం వస్తుంది.

మైదానంలో మాట చెల్లాల్సింది కూడా రోజూ ఉండే కోచ్‌దే. ఏ పిల్లాడికి మోకాలి నొప్పి ఉందో, ఎవరు ఇంట్లో గొడవలతో ఆ వారం సరిగా ఆడటం లేదో తెలిసింది ఆయనకే. వచ్చిన స్టార్ ఆయన్ను పక్కన పెట్టేసి ప్రాక్టీస్ నడిపిస్తే, మర్నాటి నుంచి పిల్లలు ఆయన మాట వినరు. 'ఈ రోజు నన్నేం చేయమంటారు?' అని అందరి ముందూ కోచ్‌ను అడిగితే ఆయన గౌరవం పెరుగుతుంది. కోన్లు సర్దమంటే సర్దాలి.

నిజంగా ఒక్క రోజుకు మించి ఇవ్వలేని ఆటగాళ్లూ ఉంటారు. వాళ్ల క్యాలెండర్ వాళ్ల చేతిలో ఉండదు. వాళ్లకు నేను చెప్పేది, ఆ రోజులో ఎక్కువ భాగం పిల్లలకు బదులు కోచ్‌లకు ఇవ్వండని. వార్మప్ ఎలా చేయిస్తారు, గాయం తర్వాత పిల్లల్ని ఎప్పుడు మళ్లీ ఆడనివ్వాలి, ఓడిన రోజున మీ చిన్ననాటి కోచ్ మీతో ఏం మాట్లాడారు, ఇవన్నీ వాళ్లతో కూర్చుని చెప్పండి, వాళ్ల ఇబ్బందులూ వినండి. ఫొటో చివర్లో దిగొచ్చు, కోచ్‌లను కూడా పక్కన నిలబెట్టుకుని.