లెక్క కోసం పెట్టిన సంఘాలు పల్లెను నిలబెట్టవు

పల్లెల అభివృద్ధి అనగానే పరిశ్రమ రావాలి, రోడ్డు పడాలి, సబ్సిడీ ఇవ్వాలి అంటారు. రోడ్డు వద్దని ఎవరూ అనరు. కానీ పంట చేతికొచ్చిన రోజు దానికి ధర కట్టేది ఎవరు? ఆ సంగతి తేల్చకుండా ఎన్ని పథకాలు పెట్టినా డబ్బు ఊరి పొలిమేర దాటిపోతూనే ఉంటుంది.

ఎరువులు, పురుగుమందులు వ్యాపారి దగ్గర అప్పుకు తెచ్చుకున్న రైతు పంటను ఆ వ్యాపారికే వేయాలి. కాంటా ఆయనదే. తేమ ఉందని తరుగు తీసేదీ ఆయనే. అప్పు పద్దు రాసే పుస్తకమూ ఆయన దగ్గరే. ఇక బేరమాడే నోరు రైతుకు ఎక్కడిది?

హన్మకొండ జిల్లా ముల్కనూరులో ఈ ముడి విప్పారు. 1956లో ఎ.కె. విశ్వనాథరెడ్డి పూనికతో పుట్టిన సహకార సంఘం అప్పిస్తుంది, ఎరువులు అమ్ముతుంది, ధాన్యం కొంటుంది, మిల్లు ఆడిస్తుంది, విత్తనాలు శుద్ధి చేసి అమ్ముతుంది. 2002లో అక్కడి మహిళలు సొంత డెయిరీ పెట్టుకున్నారు. వాళ్ల పాలు 'స్వకృషి' పేరుతో అమ్ముడవుతున్నాయి. డెయిరీలో సభ్యులు మహిళలే. గేదెకు గడ్డి కోసి, కుడితి పెట్టి, పాలు పితికే మనిషే యజమాని కూడా! ప్రభుత్వ వాటా ధనం లేకుండా, అధికారి పెత్తనం లేకుండా సంఘం నడుపుకోవడానికి 1995 నాటి పరస్పర సహాయక సహకార చట్టం దారి చూపింది. నా దృష్టిలో ఉమ్మడి రాష్ట్రం పల్లెలకు చేసిన గొప్ప మేళ్లలో అదొకటి.

ఇప్పుడేమో సంఘాలను లక్ష్యాలు పెట్టి పుట్టిస్తున్నారు. 2020లో కేంద్రం 10,000 రైతు ఉత్పత్తిదారుల సంఘాల (రైతులే కలిసి పంట అమ్ముకునే సంఘాలు, ఎఫ్‌పీఓలు) పథకం తెచ్చింది. మైదాన ప్రాంతంలో 300 మంది సభ్యులుంటే చాలు, నిర్వహణ ఖర్చులకు మూడేళ్లలో 18 లక్షల రూపాయల వరకు ఇస్తారు. ఆలోచన మంచిదే. అయితే ఆ డబ్బు ఆఫీసుకు, జీతాలకు సరిపోతుంది, పంట కొనడానికి కాదు. కోత రోజుల్లో కూలీలకు, ట్రాక్టరుకు, హార్వెస్టరుకు రైతుకు అప్పటికప్పుడు నగదు కావాలి. సంఘం నెల రోజులు ఆగమంటే రైతు ఆగలేడు, మళ్లీ పాత వ్యాపారి గడపే తొక్కుతాడు. సంఘం రికార్డుల్లో బతికే ఉంటుంది.

అందుకే నేను అడిగేది: కోతల సీజన్‌లో పంట కొనేందుకు ఈ సంఘాలకు తక్కువ వడ్డీకి పెట్టుబడి అప్పు ఇవ్వండి. మూడేళ్లకే ఖర్చుల సాయం ఆపేయకండి. ఎన్ని రిజిస్టరయ్యాయో కాదు, ఎన్ని క్వింటాళ్లు కొన్నాయో, రైతుకు ఎన్ని రోజుల్లో డబ్బిచ్చాయో బయట పెట్టండి. ఊళ్లలో రైతులకు పంట రుణాలిచ్చే ప్రాథమిక సహకార సంఘాలకు కూడా సకాలంలో ఎన్నికలు పెట్టండి. ఆంధ్రప్రదేశ్‌లో 2013 ఎన్నికల తర్వాత ఏళ్ల తరబడి వాటిని నామినేటెడ్ కమిటీలతోనే నడిపించారు. తాను ఎన్నుకోని కమిటీని రైతు లెక్క అడగగలడా? తన డబ్బు అక్కడ దాచుకోగలడా?